సున్నం

బెయిర్న్స్‌డేల్‌లో నా పని ఎముకలు కొలవడం.
గౌను తొడుక్కుని వెల్లకిలా పడుకుంటారు,
యంత్రం చెయ్యి పైనుంచి నెమ్మదిగా పాకుతుంది.
ఏ పూసలో ఎంత సున్నం మిగిలిందో
తెరమీద అంకెల్లో తేలుతుంది.
నేను మాత్రం ఏమీ చెప్పకూడదు.
"రిపోర్టు డాక్టరుగారికి వెళ్తుంది" అంటాను
రోజుకి పదకొండుసార్లు.

ఆదివారం బకన్ గుహలకి వెళ్ళాం.
దారిలో, ఎప్పుడో కాలిన కొండలమీద
చెట్లు కొమ్మల సంగతి వదిలేసి
మొదళ్ళ పొడవునా చిగుళ్ళు తొడుక్కున్నాయి,
చేతుల్లేని స్వెట్టర్లు వేసుకున్నట్టు.

ముందు పార్కు. ఎవరో ఏనాడో తెచ్చి నాటిన ఓక్ చెట్లు,
వాటికింద గుడారాలు,
గుడారాల మధ్య కంగారూలు.
మనల్ని చూసి బెదరవు, మర్యాదా చెయ్యవు.
ఒకటి మా చాప అంచున కాలు మోపి
పులిహోర డబ్బాని పరీక్షగా చూసి
మూతి తిప్పుకుని పోయింది.
"ఇంగువ ఎక్కువేశావమ్మా" అంది హిమజ.

ఇనప తలుపు తీసిన గైడు పేరు గ్రేమ్.
గొంతు వినగానే తెలిసింది.
మొన్న మంగళవారం, తొమ్మిదింబావు.
నడుములో మూడో పూస గుల్ల.
అతను నన్ను గుర్తుపట్టినట్టు లేదు.

"తల జాగ్రత్త" అంటాడు ప్రతి వంపు దగ్గరా
అందరికంటే ముందు తనే వంగుతూ.
అందరూ కప్పు చూస్తున్నారు,
నేను అతని చొక్కా మీద
నాలుగో గుండీకి సరిగ్గా వెనకవైపు చూస్తున్నాను.

పైనుంచి వేలాడేవి, కిందనుంచి లేచేవి.
వీళ్ళు వాటికి తెరలనీ గోపురాలనీ పేర్లు పెట్టారు.
నాకు మా మేనత్త సున్నపుకాయ మూతి చుట్టూ
ఏళ్ళ తరబడి గట్టిపడ్డ తెల్లటి పెచ్చు గుర్తొచ్చింది.
"చుక్క జారే ముందు కాస్త ఆగుతుంది" అన్నాడు గ్రేమ్,
"ఆగినందుకు రవ్వంత రాయి ఇచ్చి పోతుంది."

ఎముకల్లో సున్నం లేకుండా తంతాననేవాడు
మా లెక్కల మాస్టారు. ఏనాడూ తన్నలేదు.
ఆ పని వయసు చూసుకుంటుంది,
కాలెత్తకుండానే.

దీపాలార్పేశాడు.
"అమ్మా, నేను కళ్ళు మూసుకున్నానా, తెరిచానా?"
"తడిమి చూసుకో."
ఎక్కడో ఒక చుక్క.
మళ్ళీ చాలాసేపటికి ఇంకొకటి.
నా పక్కనే, గొంతు తగ్గించి:
"ఆ బల్ల భలే చల్లగా ఉంటుందండీ."
"రిపోర్టు..." అన్నాను. నోటికి అలవాటు.
"డాక్టరుగారికి వెళ్తుంది. తెలుసు.
ముప్పైరెండేళ్ళుగా ఇందులోనే తిరుగుతున్నాను,
ఇంత సున్నం,
కాస్తయినా అంటుకోలేదు చూడండి."

దీపం వెలిగేసరికి అటు తిరిగి
ఎవరికో మెట్ల లెక్క చెబుతున్నాడు.

బయట, కొండ కడుపులోంచి వచ్చే నీళ్ళు నింపిన కొలను.
హిమజ దూకింది, దూకిన మరుక్షణం పెట్టిన కేకకి
ఓక్ చెట్టు మీద కాకటూలు లేచిపోయాయి.
తుండు అందిస్తూ చూశాను:
తర్వాతి గుంపు కోసం గ్రేమ్
నేలమీది చెక్కబోర్డు ఎత్తబోతున్నాడు,
నడుము దగ్గర రెండుగా మడిచి.

"వంగొద్దు! మోకాళ్ళు, మోకాళ్ళు మడవండి!"
పార్కంతా వినబడేలా అరిచాను.
కంగారూ చెవులు నావైపు తిరిగాయి.

బోర్డు కింద పెట్టాడు.
ఒక్క క్షణం అలాగే ఆగాడు.
తర్వాత, బడిపిల్లాడిలా,
మోకాళ్ళు మడిచి ఎత్తాడు.