ఒక చెయ్యి జేబులో

పట్నం బజారు మిర్చి కొట్టులోంచి
గోతంలో చుట్టి తెచ్చాడు గుమాస్తా పేరయ్య.
"పదకొండేళ్లుగా అటక మీదుంది.
ప్లగ్గు పెడితే ఫ్యూజు పోతంది."

వెనక అట్ట విప్పగానే తుమ్ము.
వాల్వుల మెడల దాకా ఎర్రటి దుమ్ము,
ట్రాన్స్‌ఫార్మరు మీద ఒక తాలుకాయ.
బ్రష్షుతో దులుపుతుంటే
పక్క కొట్టు టైలరు కళ్లు తుడుచుకుంటూ తిట్టాడు.

దీన్ని సరాసరి గోడకి తగిలించకూడదు.
మధ్యలో వంద బల్బొకటి కాపలా పెట్టాను.
స్విచ్చి వేస్తే భగ్గున వెలిగింది,
వచ్చిందంతా లోపలెవరో మింగేస్తున్నారని.
రెక్టిఫయర్ వాల్వు పీకాను. మసకబారింది.
అమ్మయ్య, ట్రాన్స్‌ఫార్మరు బతికే ఉంది.
దొంగ ఆ తరవాతి ఇంట్లో:
అల్యూమినియం డబ్బా కెపాసిటరు,
అడుగున కారి గడ్డకట్టిన చీము.

మీరావలి గారి బొటనవేలు గుర్తొచ్చింది,
గోరు సగం నల్లగా, సగం లేకుండా.
"స్విచ్చి ఆపితే చచ్చిందనుకోకు అమ్మాయ్,
పాత బాకీలాగా అందులో ఉంటది.
ఎప్పుడూ ఒక చెయ్యి జేబులో పెట్టుకో."
నాకు జేబు లేదు.
చున్నీ నడుముకి చుట్టి, ఎడమ చెయ్యి అందులో దోపి
పని నేర్చుకున్నాను.
ఇవాళ్టికీ, ఏమీ ఉండదని తెలిసినా,
డబ్బాని రెసిస్టరుతో నేలకి కలిపి
అరవై లెక్కపెడతాను.

కొత్తవి అతికాను. వాల్వు గుచ్చాను.
బల్బు ఒక్కసారి మెరిసి తగ్గింది.
తీగలు నారింజ రంగుకి తిరిగాయి,
ఆ వేడికి సందుల్లో మిగిలిన కారం వేగింది.
కొట్టు కొట్టంతా దగ్గు.
పేరయ్య మాత్రం దగ్గలేదు.

హోరు లేదు. స్టేషనూ లేదు.
ముల్లు ఎటు తిప్పినా పెనం మీద ఆవాలు.
మా నాలుగో లైను నిండా చార్జర్లు, ఎల్‌ఈడీ దీపాలు.
నేను బాగుచేసింది రేడియోని, వీధిని కాదు.
"ఇంతేనా?" అన్నాడు పేరయ్య.
నోట్లు లెక్కపెట్టే చెయ్యి ఆగింది.

అప్పుడు ఎదురు వరసకి ఫేజు పోయింది.
బేకరీ, సెల్‌ఫోన్ల కొట్టు, ఏటీఎం, అన్నీ చీకటి.
మా వరసకి ఉంది.
ఎవరో ఆడమనిషి, ఇంత దగ్గరగా,
రేపటి ఎండ గురించి చదువుతూ
మధ్యలో ఊపిరి పీల్చుకుంది.

పేరయ్య స్టూలు లాక్కుని కూర్చున్నాడు.
"కాసేపు వాళ్లకి రాకుండా ఉంటే బాగుండు" అన్నాడు,
బేకరీ కుర్రాడు అప్పటికే
కర్ర పట్టుకుని స్తంభం వైపు పరిగెడుతుంటే.