మూడొందల అక్షరాలకు మించకుండా

సచివాలయం గోడకు నోటీసు అంటించినారు.
ప్రజల ఆరోగ్య వివరాల సేకరణపై
సలహాలు, అభ్యంతరాలు తెలపవలెను.
గడువు పదిహేను దినాలు.
పదకొండో దినం అంటించినారు దాన్ని,
మైదా జిగురు ఇంకా తడిగానే ఉండాది.

తోతాపురి కాలం.
పల్ప్ ఫ్యాక్టరీ గేటు కాడినుంచి బంగారుపాళ్యం దాకా
ట్రాక్టర్లు నిలిచిపోయి,
అడుగు కాయ చెమర్చి, కారి,
రోడ్డంతా తీపి కంపు.
ఇట్టాంటప్పుడు మీటింగుకు ఎవురొస్తారు?
తొమ్మిది మంది వచ్చినారు,
నాతో కలిపి.

నేను ఆశా వర్కర్ నీలావతిని.
పద్నాలుగేండ్లుగా ఈ గడపలు నా చెప్పులకు తెలుసు.
ముందర నోటుబుక్కు ఉండె, ఇప్పుడు ట్యాబ్.
నోటుబుక్కులో కొన్ని రాయకుండా వదిలేస్తా ఉంటి.
ట్యాబ్ ఒప్పుకోదు.
ఎర్ర చుక్క పెట్టి,
నింపితేగానీ ముందుకు పోనియ్యదు.

చిత్తూరు నుంచి వచ్చిన సారు మంచోడే.
"మీ కాగితాలు మీరు మోసుకు తిరగబళ్ళేదమ్మా.
వేలూరు పోయినా, తిరుపతి పోయినా
నంబరు కొడితే చాలు,
డాక్టరు ముందర మీ కథంతా తెరుచుకుంటాది" అన్నాడు.

మొగిలప్పకు ఆ మాట నచ్చింది.
నిరుడు రాత్రిపూట పెండ్లాన్ని ఆటోలో తీసకపోయి
ఆమెకు పడని మందు పేరు గుర్తుకు రాక
"తెల్లది సామీ, నడిమధ్యన గీత ఉంటాది" అని మాత్రం చెప్పినోడు.
ఆ మందే ఇచ్చినారు.
"రాసుకోండి. అన్నీ రాసుకోండి" అన్నాడు,
కూర్చోమన్నా కూర్చోకుండా.

నాగూర్ బీ అడిగింది,
"ఎవురు చూస్తారు?"
"అనుమతి ఉన్నోళ్ళే."
"ఆ అనుమతి ఎవురిస్తారు?"
"మీరే. మీకు ఓటీపీ వస్తాది."
"ఫోను మా ఇంటాయన కాడుంటాది."
ఫ్యాను కిర్రుమని ఒక చుట్టు తిరిగింది.

వెనక గోడకు ఆనుకుని కన్నెమ్మ.
ఆరు నెలలు ఆమె చేత మాత్రలు మింగించింది నేనే.
రాగిపిండి డబ్బాలో దాచి,
తెల్లారుజామున,
అత్త పాలు పొయ్యను పోయిన అరగంటలో.
ఇప్పుడు దగ్గు లేదు.
ఒంట్లో లేదు,
ట్యాబ్‌లో ఉండాది.
ఫ్యాక్టరీలో కాయ కోసే వరుసలో ఆమె నాలుగోది.
ఆ వరుస సూపర్‌వైజరు తమ్ముడు
మా సచివాలయంలో కంప్యూటర్ ముందర కూర్చుంటాడు.
ఈ రెండు మాటల మధ్య
గోడ యాడుందో ఎవురూ చెప్పలా.

కన్నెమ్మ నోరు తెరవలేదు. నా దిక్కు చూసింది.

అభ్యంతరం చెప్పల్లన్నా ట్యాబ్‌లోనే.
మొదట ఆధార్, ఆనేక ఫోను, ఆనేక ఓటీపీ,
అప్పుడు తెరుచుకుంటాది గడి,
మూడొందల అక్షరాలకు మించకుండా.
"పేరు లేకుండా చెప్పకూడదా సార్?" అన్నా.
"పేరు లేని మాటకు విలువేముందమ్మా" అని నవ్వినాడు.

నాగూర్ బీ నంబరు
లైన్లో ట్రాక్టరు మీదున్న మొగుడికి పోయింది.
బ్యాంకు దొంగలనుకుని ఫోను ఆపేసినాడు.
మొగిలప్పది మాత్రం గబుక్కున ఎక్కింది: సమ్మతం.
మిగిలినోళ్ళు షిఫ్టులకు, బర్రెలకు లేచి పోయినారు.

నా ఆధార్ కొట్టినా.
నా వేలితో, నా పేరు మింద,
నాది కాని మాట రాసినా:
తగ్గిపోయిన జబ్బును తుడిచేసే గడి యాడుంది సారూ?
ఇంకా రెండొందల యాభై అక్షరాలు ఉండాయని చూపించింది.
వాటిలో ఏం రాసినా
ఆమె ఇంటి గుర్తులే పడేట్టుండాయి.
అట్నే పంపించినా.

బయట కన్నెమ్మ తలకు నెట్టు టోపీ తగిలించుకుంటా
నా పక్కనే కొంచెం దూరం నడిచింది.
మళ్ళీ దగ్గేమన్నా వచ్చిందా అని
అడగబోయి ఆగినా.
అడిగితే అది కూడా
ఒక వివరమే.