ఎనిమిదో సైగ

బటూమి రేవులో వాన ఆగిందంటే
మనుషులు తలెత్తి చూస్తారు, ఏదో తప్పు జరిగినట్టు.
ఆ వానలోనే జుంబేర్ మణికట్టుకి
పెసరబద్దంత సెన్సారున్న పలక కట్టాను.
పైన ప్లాస్టిక్ సంచి, రబ్బరు బ్యాండు.

"ఇది కదలికను తూకం వేస్తుంది" అన్నాను.
"ఊరికే వేలాడే చేతిని?"
"దాన్నీ. భూమి లాగుతూనే ఉంటుందిగా,
నిలకడ అంటే దానికి సున్నా కాదు."
ముప్పయ్యారేళ్ళు కొక్కెం కింద నిలబడ్డవాడు
మీసంలో నవ్వాడు: "అది నాకు తెలుసులే."

ఎత్తు. దించు. ఎడమకి. కుడికి. ముందుకి. మెల్లగా. ఆపు.
ఒక్కోటి ముప్పైసార్లు.
మూడేసి గీతలై తెరమీద పాకేవి.
'దించు' ఎంత నున్నగా దిగేదంటే
నిద్రపోయిన పిల్లని పక్కమీద పడుకోబెట్టినట్టే.

తర్వాత, ఏమీ కాని చెయ్యి కావాలన్నాను.
ఏది సైగ కాదో చెప్పకపోతే
చిప్పు ప్రతిదాన్నీ ఆజ్ఞ అనుకుంటుంది.
"అంటే, పని చెయ్యనందుకు జీతమా?"
రెండు రోజులు వట్టినే తిరిగాడు:
సిగరెట్టు ముట్టించాడు, సముద్రపు పిట్టని అదిలించాడు,
మొక్కజొన్న రొట్టె తుంచాడు, టోపీలో నీళ్ళు దులిపాడు.

పరీక్షనాడు అయిదో గట్టు దగ్గర
ఎవరూ ఏమీ అనకుండానే కొక్కెం ఆగిపోయింది.
'ఆపు.' నూటికి తొంభైమూడు పాళ్ళు నమ్మకం.
మర్నాడూ అక్కడే. ఆ మర్నాడూ.
తీగలు మార్చాను, హద్దులు పెంచాను,
మనిషిని అడగాలని చివరికి తట్టింది.

అక్కడొక పాత క్రేను. తుప్పు.
తుక్కువాళ్ళ కోసం సున్నంతో అంకె వేసి ఉంది.
దాని గాజుగదిలో పంతొమ్మిదేళ్ళు నుగ్జార్ కూర్చున్నాడు.
కిందనుంచి వెళ్తూ ఇతను అరచెయ్యి ఎత్తేవాడు,
పైనుంచి అతనూ. అంతే.
అంత ఎత్తుకి మాట ఎక్కడ అందుతుంది?
ఇప్పుడు పైన చెయ్యి లేదు. కిందిది మానలేదు.

"దీన్నీ ముప్పైసార్లు చెయ్యి" అన్నాను ఆఫీసులో, సిగ్గుపడుతూనే.
రెండుసార్లు ఎత్తాడు. మూడోసారి సగంలో దించేశాడు.
"పైకి చూస్తేనే వస్తుంది, ఎతేరీ.
ఇక్కడ పైన ఏముంది, ట్యూబులైటు."
గీతలు చూశాను. ఆ రెండూ అబద్ధాలే.

వారానికి ఆరు చొప్పున, అయిదు వారాలు,
వాటంతట అవి రాలినవే ఏరుకున్నాను.
చిప్పులో జాగా నిండుకుంది. 'కుడికి'ని కాస్త కుదించి చోటు చేశాను.
పేరు గడిలో 'పలకరింపు' అని కొట్టి, చెరిపి,
'నుగ్జార్' అని కొట్టాను.

"ఆ సైగకి క్రేను ఏం చెయ్యాలి?" అడిగాడు మేనేజరు.
ఏమీ చెయ్యదు.
పలక మీద పచ్చదీపం ఒక్కసారి వెలిగి ఆరుతుంది,
మణికట్టు లోపలివైపు, వాన పడని చోట.