పాల పళ్లెంలో గుడి

రొయ్య కొమ్ము దిగింది మడమలో, అంతే.
చినుకంత నెత్తురు.
గుంట నీళ్లతోనే కడుక్కుని
మళ్లీ మేత చల్లను పోయినాడు చెంచురత్నం.
మూడోనాటికి కాలు గుమ్మడికాయ.

ఇస్కపల్లి నుంచి కావలికి ఆటోలో మనిషి,
ఆస్పత్రి నుంచి నా బల్ల మీదికి దూదిపుల్ల.
కింద జిరాక్స్ అంగడి, పైన మా ల్యాబు.
రోజూ రొయ్యల జబ్బులు చూసే చోటు.
ఆయన పుండు ఒక చుక్క, ఆయన కాపలా కాసే గుంట ఒక చుక్క
పాలు కలిపిన అగర్ మీద పెట్టి
వెచ్చటి పెట్టెలో మూసి ఇంటికి పోయినాను.

తెల్లారి చూస్తే
రెండు చుక్కలకీ గుడి కట్టింది,
చందమామకు కట్టినట్టు.
చుట్టూ తెల్లటి పాలు, నడుమ అద్దం.
దూరపు గుడి, దగ్గర వాన అనేది మా అవ్వ.
స్కేలు పెట్టాను. పదిహేడు మిల్లీమీటర్లు.
దూరపు గుడే అవ్వా,
వాన ఆ కాలి లోపలే కురుస్తాంది.

ప్రోటియేజ్ అని రిజిస్టర్లో రాశాను.
క్రిమికి నోరు లేదు, పళ్లు లేవు.
తినబోయే ఇంటినే ముందు జావ కాచి
ఆనక జుర్రుకుంటుంది.
వెంకటగిరి మగ్గం మీది పడుగంత ఒత్తుగా
తోలు కింద నేసిన పోగులు
ఒక్కొక్కటే తెగుతాయి.

క్రిమిని వడకట్టి పారేసి
ఉత్త ఊటని పాలలో పోశాను.
మళ్లీ గుడి!
దర్జీ పోయాడు, కత్తెర కోస్తానే ఉంది.
సూదిమందు పడ్డాక కూడా పుండు ఎందుకు పాకిందో
అప్పుడు అర్థమైంది.

కత్తెర ఇరుసులో ఒక జింకు అణువు.
దాన్ని లాగేసే మందు కలిపితే
పాలు పాలుగానే ఉండిపోయినాయి.
ఎగురుకుంటా ఫోన్ చేశాను.
డాక్టరమ్మ నవ్వలేదు:
"ఆ జింకు లేకుంటే మన ఒళ్లు కూడా నడవదు మా."

రెండు వేళ్లు తీసేశారు.
మిగతా పుండుకి ఆమె రాసిన లేపనం
అట్టపెట్టె వెనక సన్నక్షరాల్లో చదివాను.
చచ్చిన కండని కోసేది
ఇంకో క్రిమి కత్తెర.

నెలకి, కర్ర పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.
దాచిన పళ్లెం చూపించాను.
"పాలు ఇరిగినాయా?"
"లేదన్నా, కరిగినాయి."
చానాసేపు చూశాడు. రెండో చుక్క మీద వేలు పెట్టి
"ఇది గుంటది గదా" అన్నాడు.
"ఆడ ఇప్పుడు మా తమ్ముడు దిగతాండాడు,
ఒట్టి కాళ్లతో."