గోడ జేబులు

ముప్పయ్యేళ్ళు గోడలకి గడ్డం గీశాను.
వానలు వెలిస్తే చాలు కబురొచ్చేది:
"నూకరాజూ, పిట్టగోడలో రావి లేచింది, ఓసారి రా."
ఉలితో సందు తవ్వి
వేరు కొస దాకా పోయి
యాసిడ్ పోసి, పైన సిమెంటు పామి
"ఇంక రాదండి" అని డబ్బులు తీసుకునేవాణ్ణి.
వచ్చేది. మళ్ళీ నేనే వెళ్ళేవాణ్ణి.
మా పిల్లల ఫీజుల్లో
కాకిరెట్టల వాటా ఎంతో ఎప్పుడూ లెక్క కట్టలేదు.

ఇప్పుడు రాజోలులో, బస్టాండు వెనక కంటాసుపత్రికి
గోడ నిండా మొక్కలు పెట్టమన్నారు.
పడమటి గోడ. మూడింటికి చెయ్యి ఆనిస్తే పెనం.
నేను నవ్వాను. ఇంజినీరు నవ్వలేదు.

ఇనప చట్రం, దానికి నల్లటి గుడ్డ,
గుడ్డకి జేబులు, రెండు వేల పైచిలుకు.
చట్రానికీ గోడకీ మధ్య బెత్తెడు గాలి.
"తడి గోడని తాకకూడదు" అన్నాడు కుర్రాడు.
ఆ ఒక్క మాటకి వాణ్ణి "మీరు" అనడం మొదలెట్టాను.

కడియపులంక నించి ట్రాలీ ఆటోలో
మొక్కల మధ్య కూచుని పల్లాలమ్మ దిగింది.
జేబులో కొబ్బరిపొట్టు కూరి
పసిపిల్లకి చొక్కా తొడిగినట్టు మొక్కని దింపేది.
తాడుకి వేలాడుతూ నేనందుకుంటే
"తాపీ కాదు బాబూ అది,
దానికి మెడ ఉంటది" అని కసిరేది.

రెండో నెలకే ఆకుల అంచులు మాడాయి.
హైదరాబాదు నించి ఫోన్లో మందుల పేర్లొచ్చాయి.
పల్లాలమ్మ పైపు నీళ్ళు నాలిక మీదేసుకుని ఉమ్మింది.
"బోరు ఉప్పు. ఇయ్యేమో కొండమీది పిల్లలు.
నన్ను అడిగారా ఎవరన్నా?"

మూడోరోజు రణపాల తెచ్చింది, గంగపాయల తెచ్చింది,
అంతర్వేది ఇసకలో పాకే బాలబంద తీగ
గోతంలో చుట్టి తెచ్చింది.
ఇంజినీరు కాయితాల్లో వాటి పేర్లు లేవు.
బిల్లులో "ఇతరములు" అని రాసుకున్నారు.

భాద్రపదంలో, పైనించి నాలుగో వరసలో,
ఎవరూ పెట్టని మొక్క.
ఎర్రటి లేతాకు, కొసన తోక.
నాకు చెప్పకుండానే నా చెయ్యి వెళ్ళింది.

"ఓ మేస్త్రీ!" కింద బల్ల మీద ముసలమ్మ,
కన్నుకట్టు విప్పి గంట కాలేదు.
"ఆ పచ్చట్లో ఎర్రగా ఒకటుంది చూడూ,
ఉందా, నాకే అలా ఆనుతోందా?"
"ఉందండి" అన్నాను.
"శనారం మళ్ళీ రమ్మన్నారు. వచ్చి చూస్తాను."

శనివారం దాకా ఉంచాను.
చూసింది. చూసి, పక్కావిడకి వేలెట్టి చూపించింది.

సోమవారం పీకాను. పని పనే.
వేరు జేబుని చీల్చుకుని, గుడ్డ దాటి,
ఆ బెత్తెడు గాలిలోకి దిగి ఉంది.
తెల్లగా, సన్నగా,
గోడ కోసం తడుముతూ.
జానెడు.
తాడు మీదే కూచుని
వేళ్ళు చాపి రెండుసార్లు కొలిచాను.