గుంజ

బెనిన్ నుంచి దిగిన బస్తాల మీద ఫ్రెంచి అక్షరాలు.
కాశీబుగ్గ గోడౌన్లో కుట్టు విప్పుతూ
బమ్మిడి తవుడమ్మ అడిగింది:
"ఆ దేశంలో ఏటి డబ్బు, గుమస్తా బాబూ?"

సీఫా అంటారు. యూరో గుంజకి కట్టేశారు.
ఆరువందల యాభై అయిదూ చిల్లర,
అదీ పలుపు పొడుగు.
వాన పడ్డా, కరువొచ్చినా అంతే మేర.

"గుంజ ఎవులు పాతినారు?"
అక్కడోళ్ళు కాదులే, అన్నాను.

"మంచిదే కాదేటి! కట్టేసిన పెయ్య
పరాయి చేలో పడదు."
అదీ నిజమే. మన రూపాయికి గుంజ లేదు,
పొద్దున్నే ఎటు పోయిందోనని
షావుకారు ఫోన్లో, నేను పద్దుల్లో వెతుక్కుంటాం.

"మరి గాలివాన వస్తేనో?"
నోరు జారాను.
ఆమె కాలు పెడల్ మీద ఆగింది.
తిత్లీ రాత్రి, కూలుతున్న పాకలో,
తడిసి బిగిసిన ముడి.
కొడవలి దొరికేసరికి ఆవు లేదు.
ఒకసారెప్పుడో చెప్పింది, మళ్ళీ చెప్పలేదు.
మిషను కదిలింది. పప్పు విరక్కుండా వచ్చింది.

సాయంత్రం తూకం:
పద్నాలుగు కిలోల రెండొందల గ్రాములు.
రేటు గడిలో తిత్లీకి ముందటి అంకె,
నా దస్తూరీయే.
వేళ్ళకి ఆముదం పులుముకుంటూ
"దీన్ని దేనికి కట్టినారు బాబూ?" అంది.

గుణించాను. కింద గీత గీశాను.
వేలిముద్ర ప్యాడు ముందుకు జరిపాను.
జీడిసొన తినేసిన బొటనవేలు
గట్టిగా ఒత్తింది, మళ్ళీ ఒత్తింది.
నల్లటి మచ్చ పడింది.
గీతలు పడలేదు.