దగ్గుమందు మూత

పెట్టె తెరిచేసరికి ఆరింట్లో రెండు పగిలిపోయి ఉన్నాయి.
నా చొక్కాలన్నీ ఇప్పటికీ పులిసిన చెర్రీపళ్ళ వాసన.
మిగిలిన నాలుగూ తడిగోనెలో చుట్టి
నూతిగట్టు నీడన పెట్టి
పొద్దువాలేదాకా ఆగాను.

ఆంట్వెర్ప్ రేవులో మరమ్మతుకి ఓడ తొమ్మిది రోజులాగితే
వంటవాడికి ఒక్క రోజు ఖాళీ దొరికింది.
బస్సెక్కి బీట్‌రూట్ చేలు దాటి దిగాను.
పశువులశాలంత బీరు కొట్టం,
ఒక ముసలాయన, ఆయన కోడలు,
మా పెళ్ళివంటల గుండిగలంత రాగి కాగులు రెండు.
పలకమీద సుద్దతో రాసిన పేర్లకి నోరు తిరగలేదు.
ఒక్కో గుక్కకీ మనసు మాత్రం బారువ వైపే తిరిగింది:
ఇవి దాలయ్య బాబాయి నాలిక మీద పడాలి.

శెగిడి దాలయ్య. నలభై రెండేళ్ళు తాళ్ళెక్కినవాడు.
కళ్ళకి గుడ్డకట్టి లొట్టి అందిస్తే
ఏ గట్టు చెట్టో, పోతుతాడో పండుతాడో,
రాత్రి చినుకు పడిందో లేదో చెప్పేవాడు.
ఇప్పుడు మోకు దూలానికి వేలాడుతోంది.
కిడ్నీలు పోయాయనడు,
"ఒంట్లో నీరు మాట ఇనడం మానీసింది" అంటాడు.
రోజుకి ముప్పావు లీటరు నీళ్ళు రాశాడు డాక్టరు.
కూతురు కుంతల గుక్కగుక్కకీ
తలుపుమీద బొగ్గుగీత పెడుతుంది.

"ఏటి తెచ్చినావు? కల్లేనా?"
"అలాంటిదే. గింజల కల్లు."
కుంతల చూసిన చూపుకి
సీసాలు మళ్ళీ గోనెలో చుట్టేద్దామనుకున్నాను.
ఆమె లోపలికెళ్ళి దగ్గుమందు మూత తెచ్చింది.
ఐదు ఎమ్మెల్ గీత మీద గోరుంచి
"ఇంతే. ఇదీ నీళ్ళ లెక్కలోదే."

మొదటిది మబ్బుపట్టిన తెలుపు.
నాలిక తడిపి ఇసకలో ఉమ్మేశాడు.
"ఏసంగి మజ్జిగ. దనియాలేసినారు. పిల్లలకియ్యి."

రెండోది నలుపు.
"పాకం మాడిపోనాది...
కాదు, ఉండు. మాడనియ్యనేదు.
మాడబోయే ముందు దించీసినారు. ఆడమనిషి సెయ్యి."
ఆ కోడలి మోచేతిమీది కాలిన మచ్చ గుర్తొచ్చింది.
నేను చెప్పలేదు.

మూడోదానికి బెండుబిరడా, పైన తీగ.
టప్పుమంది. కోడిపెట్ట ఎగిరి దడిమీద పడింది.
నురగ సగం ఇసక తాగేసింది.
బాబాయి మాత్రం తాగలేదు.
మూత ముక్కుదగ్గర పెట్టుకుని
అలా ఉండిపోయాడు,
సముద్రం మాకు వినబడేంతసేపు.

"ఈ లొట్టికి సున్నం పుయ్యనేదు," అన్నాడు చివరికి.
"ఎవులూ తోడెయ్యనేదు దీనికి.
కప్పిప్పి గాలికి ఒగ్గీసినారు."

నిజమే. అటకమీద పెంకులు తీసి
వెడల్పాటి రాగి పళ్ళెంలో పోసి
చలిరాత్రి అలా వదిలేస్తారట.
ఏ తోట గాలి దిగితే ఆ ఏటి రుచి.
ముసలాయన చేతులు తిప్పి తిప్పి చెప్పింది
నాకు సగమే అర్థమైంది.
బాబాయికి ఎవరూ చెప్పలేదు.

"ఇంకో మూత."
"నాన్నా."
"రేతిరి బిళ్ళ నీళ్ళు నేకండా మింగుతాను నే."
ఈసారి ఉమ్మలేదు.
మెడలో ఎముక పైకెళ్ళి, నెమ్మదిగా దిగింది,
మోకు జార్చుకుంటూ మనిషి దిగినట్టు.
"పైన, మొవ్వుకాడ, గాలి ఇలగే ఉంటాది.
పుల్లగా."

నాలుగోది తెరవనివ్వలేదు.
మూడోదాని అడుగున మిగిలిన మడ్డి
పారబొయ్యొద్దని
ఇప్పుడు ఆ చెట్లెక్కే తవుడుని పిలిపించి
కొత్త లొట్టిలో తిప్పి పొయ్యమన్నాడు.
తవుడు నావైపు చూసి నవ్వాడు. అయినా పోశాడు.

పొద్దున్నే ఆ కల్లు తాగాను.
నిన్నటి కల్లులాగే ఉంది. బహుశా.
నా నాలికెంత, ఓడలో ఉప్పు చూసే నాలిక.

బాబాయికి ఒక్క మూత పంపించాం.
ఏమన్నాడో కుంతల చెప్పలేదు.
తలుపుమీద గీతలన్నీ నిలువుగా ఉన్నాయి.
ఆ రోజుది ఒకటి అడ్డంగా ఉంది.